మనసు కీడు శంకించినప్పుడు

'మనసు కీడు శంకించడం' అనేది తెలుగువారికి చిరపరిచితమైన పలుకుబడి. బయలుదేరబోయి గడప దగ్గర ఆగిపోయినవారు 'ఎందుకో మనసొప్పడం లేదు' అంటారు. 'కాలు ముందుకు సాగడం లేదు', 'లోపల ఏదో కొట్టుకుంటున్నది' అని మరికొందరంటారు. చదువుకున్నవారు ఈ మాటలను కూడా శకునాల జాబితాలో చేర్చి కొట్టివేయడం పరిపాటి అయింది. కాని ఈ రెండింటికీ తేడా ఉన్నది. పిల్లి ఎదురుకావడం, తుమ్ము వినిపించడం, బల్లి పలకడం బయట జరిగే సంఘటనలు. వాటికీ మనం తలపెట్టిన పనికీ సంబంధం లేదు. మనసు కీడు శంకించడం లోపల పుట్టేది. దానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం మన ఎరుకలోకి రాకపోవచ్చు, వచ్చినా అల్పమైనదే కావచ్చు. అయినా ఆ శంకను శకునంతో సమానంగా తీసివేయడం న్యాయం కాదు. ఈ లోపలి మాటను గౌరవించడాన్ని ఒక నియమంగా, ఒక క్రమశిక్షణగా మలచుకున్నవారు లోకంలో ఉన్నారు. వారు నీటితో నిండిన గుహలలో ఈదే డైవర్లు.

గుహలను మలిచే శిల్పి నీరే. వాన నీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి, వేల లక్షల ఏండ్లపాటు రాతిని కరిగిస్తూ పోతుంది. మన బెలుం గుహలు, బొర్రా గుహలు అలా ఏర్పడినవే. బెలుంలో 3,229 మీటర్ల పొడవున సొరంగాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా లోతైన తావున 'పాతాళగంగ' అనే సన్నని ధార నేటికీ పారుతున్నది. ఈ గుహలలో నీరు చాలవరకు తొలగిపోయింది కనుక మనం నడిచి చూడగలుగుతున్నాము. అమెరికాలోని ఫ్లోరిడాలోను, మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పంలోను అసంఖ్యాకమైన గుహలు నేటికీ నిలువునా నీటితో నిండి ఉన్నాయి. ఆ నీరు స్ఫటికంలా నిర్మలమైనది. ద్వారం దగ్గర నిలిచి చూస్తే చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నట్లుగా లోపలి రాళ్లు కనబడతాయి. ఆ నిర్మలత్వమే అక్కడి మొదటి ప్రమాదం. ఫ్లోరిడాలో ఎన్నో గుహల ముఖద్వారాల దగ్గర, నీటి అడుగునే, ముసుగు ధరించిన అస్థిపంజరం బొమ్మతో హెచ్చరిక ఫలకాలు నిలబెట్టారంటే అక్కడ ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారో ఊహించవచ్చు.

సముద్రంలో మునిగినవానికి నెత్తిమీద నీరు మాత్రమే ఉంటుంది. ఆపద వస్తే పైకి రాగలడు. గుహలో మునిగినవానికి నెత్తిమీద రాయి ఉంటుంది. అతడు గాలి పీల్చుకోవాలంటే వచ్చిన దారినే, వచ్చినంత దూరమూ తిరిగి ఈదాలి. గుహ అడుగున పిండివంటి మెత్తని ఒండ్రు పేరుకొని ఉంటుంది. కాలితో ఒక్కసారి పొరపాటున తాకితే అది పొగలా లేచి, క్షణాలలో నీటిని కలుషితం చేస్తుంది. అప్పుడు చేతిలో ఎంతటి దీపమున్నా అరచేయి కూడా కనబడదు. అందుచేత వారు ద్వారం నుంచి లోపలిదాకా ఒక సన్నని తాడును పరచుకుంటూ పోతారు. చీకటి కమ్మితే ఆ తాడును తడుముకుంటూ బయటికి రావాలి. అదే వారికి చూపు, అదే వారికి దారి.

ఈ విద్యకు శాస్త్రీయమైన నియమావళిని ఏర్పరచినవారిలో షెక్ ఎక్స్‌లీ అగ్రగణ్యుడు. ఆయన ఫ్లోరిడాలో పాఠశాల విద్యార్థులకు గణితం బోధించేవాడు. గణితోపాధ్యాయునికి సహజమైన ఓపికతో ఆయన, గుహలలో జరిగిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, మరణానికి దారితీసిన పొరపాటు ఏదో వెదికి, 1979లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. తాడు లేకుండా లోపలికి పోవడం, గాలిని పొదుపు చేయకపోవడం, మితిమీరిన లోతుకు దిగడం - ఈ మూడే ఎక్కువ మరణాలకు మూలమని తేలింది. శిక్షణ లేకపోవడం, తగినన్ని దీపాలు లేకపోవడం తరువాతి కాలంలో ఈ జాబితాలో చేరాయి.

వీటిలో గాలికి సంబంధించిన నియమాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలి. మన విషయానికి అదే కీలకం. సిలిండర్‌లోని గాలిలో మూడోవంతు లోపలికి పోవడానికి, మూడోవంతు తిరిగి రావడానికి, మిగిలిన మూడోవంతు ఆపదకు అని విభజించుకోవాలి. ఇద్దరు డైవర్ల దగ్గర చెరొక 180 పాళ్ల గాలి ఉన్నదనుకుందాము. 60 పాళ్లు ఖర్చు కాగానే, అంటే ముల్లు 120 దగ్గరకు రాగానే, వారు వెనుదిరగాలి. సరిగా ఆ తావునే ఒకరి సిలిండర్ పాడై గాలి అంతా పోయిందనుకుందాము. ఇప్పుడు ఇద్దరూ ఒక్కరి గాలితోనే బయటికి రావాలి. ఒక్కొక్కరికి 60 చొప్పున 120 కావాలి. ఉన్నదీ 120 మాత్రమే. లెక్క సరిపోయింది. కాని భయపడినవాడు మామూలుగా ఊపిరి పీల్చడు. చీకటిలో తాడు తడుముకుంటూ వచ్చేవాడు మామూలు వేగంతో రాడు. లోతు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. 30 మీటర్ల లోతున పీడనం ఉపరితలంలో కంటె నాలుగింతలు కనుక ఒక్కొక్క ఊపిరికీ నాలుగింతల గాలి పోతుంది. కాబట్టి మూడోవంతు అనేది గరిష్ఠ హద్దు మాత్రమే. దాన్ని చేరేదాకా ముందుకు పోయి తీరాలని కాదు. ఆ హద్దుకు ఇవతల, ఇంకా గాలి పుష్కలంగా ఉండగానే, వెనుదిరిగే నిర్ణయం ఒకటి ఉంటుంది. దాన్ని ఏ ముల్లూ చెప్పదు.

ఆ నిర్ణయానికి సంబంధించి వారి శిక్షణలో మొట్టమొదట చెప్పే సూత్రం ఒకటున్నది. ఏ డైవరైనా, ఏ క్షణంలోనైనా, ఏ కారణంచేతనైనా, కారణమేమీ లేకుండానైనా, ఆనాటి ప్రయాణాన్ని ఆపివేయవచ్చు. దానికి గుర్తు బొటనవేలు పైకి చూపడం. మనకు ఆ సంజ్ఞ 'భేష్' అని అర్థమిస్తుంది. నీటి అడుగున దాని అర్థం వేరు. 'ఇక చాలు, బయటికి పోదాము' అని. ఎదుటివాడు మారు ప్రశ్న వేయరాదు. తల అడ్డంగా ఊపరాదు. అదే సంజ్ఞ తిరిగి చేసి, వెనుకకు మళ్లాలి. ఆ బృందంలో అతడు అందరికంటె చిన్నవాడైనా, నిన్ననే నేర్చుకున్నవాడైనా ఇందులో తేడా లేదు.

ఈ సూత్రంలోని లోతు పైకి కనిపించేదానికంటె ఎక్కువ. మనిషి ప్రాణభయంతో ఆగిపోయే సందర్భాలకన్న, నలుగురిలో నగుబాటు అవుతుందనే భయంతో ముందుకు పోయే సందర్భాలే ఎక్కువ. ఇంత దూరం వచ్చాము, ఇంత ఖర్చు పెట్టాము, నావల్ల అందరి సరదా పాడవుతుంది, కారణమడిగితే ఏమి చెప్పను - ఈ ఆలోచనలు శంకను గొంతులోనే నొక్కివేస్తాయి. కారణం చెప్పనవసరం లేదని ముందే ఒప్పందం ఉంటే ఆ బరువు తొలగిపోతుంది. వేసవి సెలవులలో చెరువులలో, క్వారీ గుంతలలో ఈతకు దిగే మన పిల్లల బృందాలలో ఇటువంటి ఒప్పందం ఏదీ ఉండదు. 'నేను దిగను' అన్నవానికి అక్కడ లభించేది ఎగతాళి.

కారణం తెలియని శంకకు ఇంత విలువ ఎందుకు ఇవ్వాలి? దీనికి సమాధానం కొంతవరకు మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలలో దొరుకుతుంది. గారీ క్లైన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, క్షణాలలో నిర్ణయాలు తీసుకోవలసిన వృత్తులవారిని, ముఖ్యంగా అగ్నిమాపక దళాల నాయకులను, చాలాకాలం పరిశీలించాడు. 1998లో వెలువడిన తన గ్రంథంలో ఆయన చెప్పిన ఉదంతం ప్రసిద్ధమైనది. ఒక ఇంటిలో వంటగది అంటుకున్నది. దళం లోపలికి పోయి నీరు చిమ్మింది. మంట తగ్గలేదు. మళ్లీ చిమ్మినా లాభం లేకపోయింది. నాయకునికి మనసు కీడు శంకించింది. ఎందుకో తెలియకుండానే అందరినీ బయటికి రమ్మన్నాడు. వారు బయటపడిన కొద్దిసేపటికే వారు నిలుచున్న గది నేల కుప్పకూలింది. అసలు మంట వంటగదిలో లేదు, వారి పాదాల కింద నేలమాళిగలో ఉన్నది. తనకేదో అతీంద్రియ శక్తి ఉన్నదని ఆ నాయకుడు నమ్మాడు. క్లైన్ నిదానంగా ప్రశ్నించిన మీదట అసలు సంగతి తేలింది. అంత చిన్న మంటకు గది అంత వేడెక్కరాదు. అంత వేడికి తగిన చప్పుడు వినిపించలేదు. నీటికి లొంగవలసిన మంట లొంగలేదు. ఎన్నో ఏండ్ల అనుభవంతో అతని మెదడు ఈ మూడింటినీ పోల్చి చూసి, ఇది తాను ఎరిగిన మంట కాదని గ్రహించింది. ఆ గ్రహింపు మాటలుగా మారకముందే శంకగా మారింది.

గుహలో ఈదే డైవరు విషయమూ ఇంతే. తోటివాని కాళ్ల కదలికలో లయ తప్పడం, పైకప్పు నుంచి రాలే ఒండ్రు మామూలుకన్న ఎక్కువగా ఉండడం, నీటి ప్రవాహం దిశలో స్వల్పమైన మార్పు, వెనుక ఎక్కడో సన్నగా బుడగలు లీకవుతున్న చప్పుడు - వీటిని కన్ను, చెవి, చర్మం గ్రహిస్తూనే ఉంటాయి. బుద్ధి మాత్రం తాడు మీద, ముల్లు మీద, ముందున్న వింతల మీద నిమగ్నమై ఉంటుంది. గ్రహించినవన్నీ కలిసి గుండెల్లో గుబులుగా పైకి తేలుతాయి. ఒక్కొక్కసారి ఆ గుబులు శరీరం పంపే నేరైన వర్తమానం కూడా కావచ్చు. లోతున గాలి చిక్కబడుతుంది. శ్రమపడి ఈదేవానికి ఊపిరితిత్తుల నుంచి బొగ్గుపులుసు వాయువు పూర్తిగా బయటికి పోదు. ఆ వాయువు రక్తంలో పెరిగినప్పుడు కనిపించే లక్షణాలలో ఆయాసంతోపాటు కారణం తెలియని ఆందోళన ఒకటి. 'నాకెందుకో భయంగా ఉన్నది' అనుకునేవాడు నిజానికి తన రక్తం స్థితిని చదువుతున్నాడన్నమాట. ఆ భయాన్ని పిరికితనమని అణచుకొని మరింత బలంగా ఈదితే ఆ వాయువు మరింత పెరుగుతుంది.

అంతఃకరణ ప్రవృత్తికి ప్రామాణ్యం ఇవ్వవచ్చునా అనే ప్రశ్న మన సాహిత్యానికి కొత్తది కాదు. కాళిదాసు అభిజ్ఞానశాకుంతలం ప్రథమాంకంలో దుష్యంతుడు ఆశ్రమకన్యను చూచి, ఆమె తనకు వివాహయోగ్యురాలా కాదా అని సందేహిస్తాడు. తన మనసు ఆమెను కోరుతున్నది కనుక ఆమె యోగ్యురాలే అయివుంటుందని, సందేహం కలిగినచోట సత్పురుషులకు వారి అంతఃకరణమే ప్రమాణమని సమాధానపడతాడు. కథలో ఆయన ఊహ నిజమే అయింది. అయినా గుహలలో ఈదేవారు దుష్యంతుని తర్కాన్ని సగమే ఒప్పుకుంటారు. మనసు 'పద' అన్నప్పుడు అందులో కోరిక కలిసి ఉండవచ్చు. అప్పుడు దానిని ప్రమాణంగా తీసుకోరాదు. తాడునూ, ముల్లునూ, దీపాలనూ సాక్ష్యమడగాలి. మనసు 'వద్దు' అన్నప్పుడు మాత్రం సాక్ష్యం అడగనక్కరలేదు. కోరిక లాగుతున్న దిక్కుకు ఎదురుగా వచ్చిన మాట కనుక దానికి ఆ మేరకు విలువ ఎక్కువ.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. అది బలమైనది కూడా. ఆర్థిక శాస్త్రంలో 2002లో నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానెమన్, మనిషి తొలి ఊహలు ఎన్ని విధాల దారి తప్పుతాయో జీవితమంతా నిరూపిస్తూ వచ్చినవాడు. ఆయనా, క్లైనూ కలిసి 2009లో ఒక వ్యాసం ప్రకటించారు. అంతర్బుద్ధిని నమ్మాలంటే రెండు షరతులుండాలని వారు తేల్చారు. పరిసరాలలో ఒక క్రమం ఉండాలి. తన ఊహ తప్పో ఒప్పో తెలుసుకుంటూ నేర్చుకునే అవకాశం మనిషికి ఉండాలి. గుహలో రెండో షరతు నెరవేరడం కష్టం. వెనుదిరిగి వచ్చినవానికి, ముందుకు పోయి ఉంటే ఏమయ్యేదో ఎన్నటికీ తెలియదు. శంకను లెక్కచేయక ముందుకు పోయి క్షేమంగా తిరిగివచ్చినవాడు, ఆ శంక వట్టిదేనని నేర్చుకుంటాడు. మరునాడు మరికొంత దూరం పోతాడు. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన ఉదంతాన్ని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రజ్ఞురాలు డయాన్ వాన్, హద్దు మీరడం ఇలా మెల్లమెల్లగా మామూలైపోయే తీరును సవిస్తరంగా వివరించింది. ఏమీ జరగనందువల్ల నేర్చుకునే పాఠం చాలా సందర్భాలలో తప్పుడు పాఠమే.

అట్లయితే శంక తప్పు కావచ్చు కదా? కావచ్చు. పదిసార్లలో తొమ్మిదిసార్లు వట్టిదే కావచ్చు. డైవర్ల సూత్రం శంక ఎప్పుడూ నిజమేననే నమ్మకం మీద నిలబడలేదు, లాభనష్టాల తూకం మీద నిలబడింది. వట్టి శంకకు లొంగి వెనుదిరిగితే పోయేది ఒక పూట. నిజమైన శంకను తోసిపుచ్చితే పోయేది ప్రాణం. తక్కెడలో ఈ రెండూ సమానమైన బరువులు కావు కనుక, శంక ఎంత తరచుగా నిజమవుతుందనే లెక్క ఇక్కడ అంత ముఖ్యం కాదు.

ఆపద నిజంగా ఉన్నచోట మనసు మౌనం వహించడం ఇంతకంటె పెద్ద చిక్కు. సుమారు 30 మీటర్ల లోతు దాటితే గాలిలోని నత్రజని మద్యంలా మత్తెక్కించడం మొదలుపెడుతుంది. ఆ మత్తులో ఉన్నవానికి అంతా బాగున్నట్లే ఉంటుంది. 1946లో సుప్రసిద్ధ సముద్రాన్వేషకుడు జాక్ కూస్తో తన మిత్రుడు ఫ్రెడెరిక్ డ్యూమాతో కలిసి దక్షిణ ఫ్రాన్సులోని ఫోంతేన్ ద వోక్లూజ్ అనే నీటిబుగ్గ అడుగును కనుగొనడానికి దిగాడు. ఇద్దరూ విచిత్రమైన మగతకు లోనై, చావు తప్పి బయటపడ్డారు. గాలి నింపిన యంత్రం తన పొగనే తాను పీల్చి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడును సిలిండర్లలోకి పంపిందని తరువాత బయటపడింది. విషం సోకిన మెదడు విషాన్ని కనిపెట్టలేదు. అందువల్లనే అనుభవజ్ఞులు ఒడ్డున ఉండగానే, ఇంకా తల తేటగా ఉండగానే, తమ మనసును ప్రశ్నించుకుంటారు. రాత్రి నిద్ర లేదా? ఎవరితోనైనా తగవు పడ్డామా? పరికరం బిగిస్తున్నప్పుడు ఏదో తేడాగా అనిపించిందా? ఆ క్షణాన ఇంటికి మళ్లడమంత సులువు తరువాత మరెక్కడా ఉండదు.

డేవిడ్ షా ఉదంతం ఈ సందర్భంలో తలచుకోదగినది. ఆయన ఆస్ట్రేలియాకు చెందిన విమాన చోదకుడు. 2004 అక్టోబరులో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అనే జలగుహలో 270 మీటర్ల లోతుకు దిగాడు. అక్కడ, 1994లో అదే గుహలో మరణించిన ఒక యువ డైవరు దేహం ఆయన కంటబడింది. కదిలించబోయాడు. బురదలో కూరుకొని ఉండడంచేత అది కదలలేదు. ఆ కొద్దిపాటి శ్రమకే ఊపిరి వేగం పెరగడం గమనించి, వెంటనే ప్రయత్నం మానుకొని, గుర్తుగా దేహానికి తాడు కట్టి పైకి వచ్చేశాడు. 2005 జనవరి 8న దేహాన్ని వెలికి తేవడానికి మళ్లీ దిగాడు. ఈసారి ఒడ్డున పెద్ద సహాయక బృందం ఉన్నది, పోలీసు డైవర్లున్నారు, కొడుకు కోసం పదేండ్లు ఎదురుచూసిన తల్లిదండ్రులున్నారు. అడుగున దేహం అనుకోని విధంగా బురద వీడి తేలసాగింది. దానిని సంచిలో చేర్చే యత్నంలో తాడు చిక్కుపడింది. శిరస్త్రాణానికి అమర్చిన కెమెరాలో ఆయన ఊపిరి చప్పుడు అంతకంతకు వేగమవడం నమోదైంది. ఆయన తిరిగి రాలేదు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడమే కారణమని నిపుణులు తేల్చారు. నాలుగు రోజుల తరువాత తాళ్లను పైకి లాగుతుండగా ఆ ఇద్దరి దేహాలూ పైకి తేలివచ్చాయి. తొలిసారి ఊపిరి చెప్పిన మాట విన్న మనిషే రెండోసారి ఎందుకు వినలేకపోయాడో నిర్ణయించడానికి మనమెవరము? ఆ రోజు ఒడ్డున నిలిచిన కన్నవారి కళ్లు ఎంత బరువైనవో మాత్రం ఊహించగలము.

ఆవలివైపు ప్రాణాలున్నప్పుడు తూకం మారుతుంది. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండుమంది బాలురు, వారి ఫుట్‌బాల్ శిక్షకుడు వరదనీటి వల్ల చిక్కుకుపోయారు. ప్రవాహం ఉద్ధృతంగా ఉన్న రోజులలో డైవర్లు పనిని నిలిపివేయవలసి వచ్చింది. ఉద్ధృతి తగ్గిన తరువాత, జూలై 2న బ్రిటన్‌కు చెందిన ఇద్దరు డైవర్లు వారిని కనుగొన్నారు. జూలై 6న, లోపలికి గాలి సిలిండర్లు చేర్చి తిరిగివస్తూ థాయ్ నావికాదళ పూర్వోద్యోగి సమన్ కునాన్ అసువులు బాశాడు. జూలై 8 నుంచి 10 వరకు బాలురనందరినీ క్షేమంగా వెలికి తెచ్చారు. అటువంటి వేళ 'ఒక పూటే కదా పోయేది' అనే లెక్క చెల్లదు. అది ధర్మం విధించే సాహసం. వినోదం కోసం, విజ్ఞానం కోసం, రికార్డు కోసం దిగేవారి సాహసం దానితో పోల్చదగినది కాదు.

నియమాలు రచించిన షెక్ ఎక్స్‌లీ కూడా 1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని జకటోన్ అనే అగాధమైన నీటిబావిలో, ప్రపంచంలో ఎవరూ చేరని లోతును చేరే యత్నంలో మరణించాడు. అదే రోజు అదే బావిలో ఆయనకు కొద్ది దూరంలో దిగిన జిమ్ బౌడెన్, అనుకున్నదానికంటె వేగంగా వాయువు తరిగిపోవడం గమనించి, సుమారు 280 మీటర్ల లోతు నుంచి వెనుదిరిగాడు. అడుగు ఇంకా కిందనే ఉన్నది.

నేడు ఫ్లోరిడాలోను, మెక్సికోలోను శిక్షణ పొందే యువకులకు బొటనవేలి సంజ్ఞను ఊరికే చెప్పి వదలరు, చేయిస్తారు. లోపలికి పోయిన కొద్దిసేపటికి శిక్షకుడు అకారణంగా వేలు చూపుతాడు. అందరూ మారుమాట లేకుండా మళ్లాలి. ఒడ్డుకు వచ్చి, బరువులు దించి, తడిబట్టలు మార్చుకున్న తరువాత గాని ఎందుకని ఎవరూ అడగరు. నిజమైన ప్రయాణాలలోనూ ఇదే వరస. అప్పుడు ఒకరు వదులైన పట్టీని చూపుతారు, ఒకరు చలి వేసిందంటారు, మరొకరు 'ఏమో, తెలియదు' అంటారు. ఈ మూడు జవాబులకూ అక్కడ ఒకే మర్యాద.